చౌక వేగము

మేము బాలురమై యున్నప్పుడు, 2007వ సంవత్సరమున, ఒక పత్రికలో పైకప్పు మడచుటకు వీలైన యిద్దరు కూర్చుండు కారు బొమ్మను జూచి మిక్కిలి ముచ్చటపడితిమి. అది అమెరికా దేశపు పాంటియాక్ సోల్‌స్టిస్. ఆ కారు తొలి వెల 20 వేల డాలర్ల లోపే. ఆ యేట వచ్చిన జి.ఎక్స్.పి. యను రకమునకు టర్బోచార్జరును గూర్చిరి. ఇంజను విడుచు పొగయే యొక చక్రమును ద్రిప్పి, గాలిని నొక్కి లోనికి బంపును. అందుచే 2 లీటర్ల చిన్న యింజనుకే 260 గుర్రముల బలము గలిగెను. అయినను వెల సుమారు 26 వేల డాలర్లే.

“ఇంత చౌకగా నింత వేగము! దీనికిక తిరుగు లేదు” అని తండ్రిగారితో వాదించితిమి. వారు మందహాసము చేసి, “నాయనా, సరకును జూచితివి, వెలను జూచితివి, అమ్మువాని యిల్లు గట్టిదో కాదో చూచితివా?” యనిరి. మేమా మాటను లెక్కసేయలేదు.

2009వ సంవత్సరము జూన్ నెలలో, ఆ కారును జేయు జనరల్ మోటార్స్ సంస్థ దివాలా తీసెను. జూలైలో డెలవేర్ రాష్ట్రమందలి విల్మింగ్టన్ కర్మాగారము మూతపడెను. ఆ కారు అంతటితో నిలిచిపోయెను. పిదప పాంటియాక్ పేరును అంతరించెను.

ఆ వార్తను జదివి వినిపించినప్పుడు తండ్రిగారు “నేను జెప్పలేదా?” యనలేదు. “పాపము, ఆ పనివారికి వేరు పని దొరకునో లేదో” యని మాత్రమే యనిరి. మేము వెలనే లెక్కించితిమి. వారు మనుష్యులను లెక్కించిరి. ఆనాటి మా వాదమును దలచుకొని నేటికిని సిగ్గుపడుచున్నాము.