చప్పుడు లేకుండా... సత్తా చూపాలంటే!

తెల్లవారుజామున అయిదు గంటలు. తిరుపతిలోని అలిపిరి రోడ్డు. కొండకు నడిచి వెళ్లేవాళ్ల గోవింద నామాలు అప్పుడప్పుడే వినిపిస్తుంటాయి. రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువులు కునుకు తీస్తుంటారు. సరిగ్గా అప్పుడే... చెవులు చిల్లులుపడేలా మోత పెడుతూ ఓ బండి దూసుకెళుతుంది. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. పెద్దవాళ్లు నాలుగు తిట్లు తిట్టుకుంటారు. నడిపే కుర్రాడు మాత్రం 'చూశారా, నా బండి పవరు!' అన్నట్టు వెళ్లిపోతాడు.

ఇంతకీ ఆ మోతంతా పవరేనా? కానే కాదు. చాలాసార్లు అది సైలెన్సర్ లోపలి భాగాలు పీకేసినందుకు వచ్చే గోల, అంతే! స్పోర్ట్స్ కారు నడపడం తెలిసినవాళ్లు కోరుకునేది వేరు. సత్తా పెరగాలి, వీధి మాత్రం నిద్రలేవకూడదు. అది సాధ్యమే. కాకపోతే కాస్త లెక్క తెలియాలి.

క్యూలైను పాఠం

ఆ లెక్క తిరుపతివాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. దర్శనానికి వెళ్లే క్యూలైనునే తీసుకోండి. వంకరటింకర కంచెల మధ్య జనం నెమ్మదిగా కదులుతారు. తోపులాట ఉండదు కానీ ఆలస్యమవుతుంది. కంపెనీ నుంచి వచ్చే చాలా సైలెన్సర్లు ఇలాంటివే. లోపల గదులుంటాయి. పొగ ఒక గదిలోంచి మరో గదిలోకి మలుపులు తిరుగుతూ వెళుతుంది. శబ్దతరంగాలు గోడలకు తగిలి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చప్పుడు తగ్గుతుంది. కానీ ఆ పొగను బయటికి నెట్టడానికి ఇంజిను కొంత శక్తి ఖర్చుపెట్టాల్సి వస్తుంది.

కంచెలన్నీ తీసేస్తే? జనం ఒక్కసారిగా మీదపడతారు. గొట్టం ఖాళీ చేసిన బండి మోత అదే! నాలుగు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 200 సార్లు పొగ ఎగదన్నుతుంది. అడ్డుకునేది లేకపోతే ఆ దెబ్బలన్నీ నేరుగా వీధిలోకే.

మధ్యేమార్గం ఉంది. దారి తిన్నగా ఉంచి, గోడలకు మెత్త వేయడం. చిల్లులున్న తిన్నని గొట్టం, దాని చుట్టూ గ్లాస్‌వుల్ లాంటి పీచు... పొగకు అడ్డుండదు, చప్పుడును మాత్రం పీచు పీల్చుకుంటుంది. ఇది కీచుమనే మోతను బాగా అణచివేస్తుంది. బొంగురు మోతకు మాత్రం అంతగా లొంగదు. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర, అంటే హైవేలో తాపీగా వెళ్లేటప్పుడు, కారులో కూర్చున్నవాళ్ల తల దిమ్మెక్కించేది ఈ బొంగురు మోతే. దానికి మందు, ఆ స్థాయికి లెక్కగట్టి మెయిన్ గొట్టానికి పక్కనే అతికించే మూసిన కొమ్మ గొట్టం. అందులోకి వెళ్లి తిరిగొచ్చే తరంగం అసలు తరంగానికి ఎదురెళ్లి దాన్ని కొట్టేస్తుంది.

'గొట్టం ఎంత లావైతే అంత పవర్' అనేది మరో అపోహ. మరీ లావైతే పొగ వేగం తగ్గుతుంది. వెళుతున్న పొగ వెనకాల ఉన్నదాన్ని లాక్కెళ్లే గుణం పోతుంది. ఫలితం... మలుపు తిరిగి ఎత్తు ఎక్కాల్సిన చోటే కారు నీరసిస్తుంది. మామూలు ఇంజినుకు వెనకవైపు సైలెన్సర్ మాత్రమే మారిస్తే పెరిగే హార్స్‌పవర్ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. టర్బో ఇంజిన్లకు లాభం కాస్త ఎక్కువ.

ఘాట్లే పరీక్ష

ఈ సత్తా పరీక్షించుకోవడానికి పాత చిత్తూరు జిల్లాలో దారులకు కొదవలేదు. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు మీదుగా పీలేరు, మదనపల్లె, అక్కణ్నుంచి హార్స్‌లీ హిల్స్. సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి టర్బో లేని ఇంజిన్లు పదో వంతుకు పైగా శక్తి కోల్పోతాయి. ఎంత ఖరీదైన సైలెన్సరైనా దాన్ని పూడ్చలేదు. పైగా ఇవి పందేల దారులు కావు. 2022 మార్చిలో భాకరాపేట ఘాటులో పెళ్లివారి బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాటులో మరో ఘోరం జరిగింది. ఈ రెండూ ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల్లో ఏనుగులు రోడ్లు దాటుతుంటాయి. అక్కడ మోత పెట్టడం ప్రమాదాన్ని పిలవడమే.

ఇక తిరుమల ఘాటురోడ్డులో అయితే పవరుతో పనే లేదు. నిర్ణీత సమయానికంటే ముందే చేరిన వాహనాలకు జరిమానా వేసే పద్ధతి తెచ్చారక్కడ!

నిజంగా వేగమే కావాలంటే తిరుపతి నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్‌ట్రాక్ ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ప్రారంభించిన ఈ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు. అక్కడ ఎదురొచ్చే బస్సు ఉండదు, దాటే ఏనుగు ఉండదు.

పది కార్ల పెట్టు!

డెసిబుల్స్ లెక్క చాలామందికి తెలియదు. పది డెసిబుల్స్ పెరిగిందంటే శబ్దశక్తి పదింతలైనట్టు. అంటే, అలా మోత పెంచుకున్న ఒక్క కారు, మామూలు కార్లు పది ఒకేసారి వెళ్లినంత గోల చేస్తుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకూ నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబుల్స్ దాటకూడదు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మొదటిసారే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు. ఖాళీ సైలెన్సర్లను పోలీసులు రోడ్డురోలరు కింద వేసి తొక్కించడం మన రాష్ట్రంలో చాలా పట్టణాలు చూసిన దృశ్యమే. విషవాయువులను వడకట్టే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేస్తే తప్పు ఇంకా పెద్దది. కంపెనీ వారంటీకీ, ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కులు తప్పవు. అందుకే మార్చేముందు మూడు విషయాలు అడగాలి. కన్వర్టర్ అలాగే ఉంటుందా? శబ్దం ప్రమాణాల్లోపే ఉంటుందా? పాత సైలెన్సర్ చేతికిస్తారా? ఈ మూడింటికీ 'అవును' అనని షెడ్డు దగ్గర బండి ఆపకపోవడమే మేలు.

2022 నుంచి తిరుమల కొండకు కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. వాటికి పొగగొట్టమే లేదు. నిండా భక్తులతో, ఎత్తు మీద ఆగినచోటి నుంచి కూడా తొణక్కుండా కదులుతాయి. బస్సు దాటిపోయాక వినిపించేది శేషాచలం అడవిలో పిట్టల కూతే. సత్తా ఉన్నది అరవనక్కర్లేదని కొండ ఎక్కే బస్సే చెబుతోంది... వినే చెవులుంటే!