పళ్లెంలో పాము

పళ్లెం నడుమ చిన్న దీవి. దానిమీద చుట్ట చుట్టుకున్న పాము. చుట్టూ నీళ్లలో చేపలు. అంచున బల్లి, కప్ప, నత్తగుల్లలు, ఆకులు. 16వ శతాబ్దిలో ఫ్రెంచి కుమ్మరి బెర్నార్ పాలిసీ పేరు మోసింది ఇలాంటి పళ్లేలతోనే. మా కాలేజీ లైబ్రరీలోని బొమ్మల పుస్తకం ఇంటికి తెచ్చి చూపిస్తే, "ఇందులో పెడితే ఎవరు తింటారండీ?" అంది మా ఆవిడ. తినడానికి కాదు, గొప్పవారి ఇళ్లలో చూసి మురవడానికి.

నిజం ప్రాణిని పట్టి, దానిమీద అచ్చు తీసి, ఆ అచ్చులో మట్టి అదిమేవాడు. అందుకే పాము పొలుసులు లెక్కపెట్టవచ్చు. పైన ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల గాజుపూత; ఎప్పుడు చూసినా అప్పుడే తడిసినట్టుంటుంది. ఇరవై ఏళ్లుగా ప్రబంధ వర్ణనలు పాఠం చెబుతున్నాను గాని, చెరువుగట్టును ఇంత దగ్గరగా చూసిన కన్ను అరుదు సుమండీ!

ఈ పూత కోసం పడిన పాట్లు 1580లో అచ్చయిన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. గాజుమీద బొమ్మలు వేసి బతికేవాడు ఒకనాడు తెల్లపూత గిన్నె ఒకటి చూసి మోజుపడ్డాడు. కుమ్మరం తెలియదు. పదిహేను పదహారేళ్లు తడుముకున్నాడు. ఒకసారి ఆరు పగళ్లూ, ఆరు రాత్రులూ ఆవం మండించినా పూత కరగలేదు. కట్టెలు అయిపోయాయి. తోటలోని ఊతకర్రలు వేశాడు. తరువాత బల్లలు, ఆ తరువాత ఇంటి నేలకు పరిచిన చెక్కలు! దొంగనాణేలు చేస్తున్నాడని ఊళ్లో పుకారు కూడా పుట్టింది.

శామ్యూల్ స్మైల్స్ 1859లో తన 'సెల్ఫ్ హెల్ప్'లో ఈయన్ను పట్టుదలకు ఉదాహరణగా ఎక్కించాడు. నా మనసు మాత్రం ఆ ఇల్లాలి మీదికే పోతుంది. మరోసారి ఆవం గోడల్లోని గులకరాళ్లు పేలి, ముక్కలు పూతకు అంటుకున్నాయి. అప్పులవాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. చవకగా ఇస్తే కొంటామన్నవాళ్లూ ఉన్నారు. పేరు పోతుందని ఆయన అన్నీ పగలగొట్టాడు. బయట తిట్లు తిని గదిలోకి వెళితే అక్కడ అంతకన్న పెద్ద హింస ఎదురైందని రాశాడు. హింసట! పిల్లల నోటి దగ్గరి కూడు పెంకులైపోతే ఏ ఇల్లాలు హారతి పడుతుంది? పుస్తకం రాసింది ఆయన గనక మనకు ఆయన మాటే వినబడుతుంది.

తరువాత రోజులు మారాయి. రాణి కాథరీన్ ద మెడిసి ట్యూలరీ తోటకు మట్టి గుహ చేసే పని అప్పగించింది. కాని ప్రొటెస్టెంటు మతం విడవనందుకు జైలు పాలై, 1590 ప్రాంతంలో బాస్టీల్‌లోనే పోయాడు. 1840లలో తూర్ నగరంలో అవిస్సో అనే కుమ్మరి ఆ పాములకు మళ్లీ ప్రాణం పోశాడు. వెనకాల అనుకరించినవారు కోకొల్లలు. ఏది అసలో ఏది నకలో తేల్చడం మ్యూజియంలవారికి తలనొప్పి. 1980లలో లూవ్ర్ ఆవరణ తవ్వితే పాలిసీ పనిపాకలోని అచ్చులు బయటపడ్డాయి. పళ్లేలమీది ప్రాణులను ఇప్పుడు వాటితో పోల్చి చూస్తున్నారు.