నడుమంత గోడ

మన షోలాపూర్ పేటల్ల ఇండ్లు ఎట్లుంటయో అందరికి తెలుసు. ముందర ఒక అర్ర, వెనుక వంటర్ర. ముందరి అర్రలనే పండుకోవాలె, తినాలె, చుట్టాలు కూసోవాలె, ఆడోళ్లు బీడీలు చుట్టాలె. అటువంటి ఇంట్ల ఒక మనిషి మంచాన పడితే ఆ మంచం ఎక్కడ వెయ్యాలె అన్నదే పెద్ద చిక్కు.

మా ఇంటామెకు పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. దవాఖాన నుంచి తెచ్చినంక మంచం ముందరి అర్రలనే వేసినం. తలుపు తీస్తే నేరుగా ఆమే కనబడుతది. బట్టలు మార్చాలంటే తలుపు మూసి, ఉన్నోళ్లందరం బయట నిలబడాలె. ముప్పై ఏండ్లు అదే అర్రల నలుగురితో కూసొని బీడీలు చుట్టిన మనిషి, ఎవరన్నా వస్తే మొఖం గోడదిక్కు తిప్పుకునుడు మొదలుపెట్టింది.

మా పెద్దోడు, "నాయినా, కప్పుదాకా ప్లై కొట్టిద్దాం, అమ్మకు వేరే అర్ర అయితది" అన్నడు. వాడు అన్నదాంట్ల ప్రేమనే ఉన్నది. కాని అర్రకు ఒక్కటే కిటికీ, ఒక్కటే ఫ్యాను. కప్పుదాకా మూస్తే ఆమెకు గాలి లేదు, వెలుతురు లేదు. చీర కట్టి అడ్డం పెడితే ఫ్యాను గాలికి ఎగురుతది. ఇటుక గోడ కడితే మళ్లా తియ్యరాదు. అందరం మాట్లాడినం గని ఆమెను అడగలేదని కోడలే గుర్తుచేసింది. అడిగితే ఆమె నిదానంగా, "నన్ను దాయకుండ్రి. పండుకున్నప్పుడు కనబడకుంటే చాలు" అన్నది.

ఆ మాటతోనే కొలత దొరికింది. మంచం, పరుపు కలిపి 21 అంగుళాల ఎత్తు. పండుకున్న మనిషి దానిమీద ఇంకో 8, 9 అంగుళాలు. లేచి కూసుంటే ఆమె కండ్లు 47 అంగుళాల దగ్గర ఉంటయి. గోడ 42 అంగుళాలు, అంటే మూడున్నర ఫీట్లు పెడితే, పండుకుంటే తలుపు దగ్గర నిలబడ్డోళ్లకు సుత కనబడదు. కూసుంటే అందరు ఆమెకు కనబడతరు. మంచం మాత్రం గోడకు ఆనుకొని ఉండాలె, దూరం జరిపితే ఈ లెక్క తప్పుతది.

పొడుగు 6 ఫీట్లు పెట్టినం. కట్టె కొనలేదు. మా నాయిన చేతిమగ్గం కొయ్యలు అటకమీద ఉండె. ఏండ్ల కింద ఎండిన కట్టె వంకర పోదు. పాత మేకులన్ని పీకి, వడ్లాయన దగ్గర 2 అంగుళాలు, 3 అంగుళాల లెక్కన కోయించి చిత్రిక పట్టించిన.

నేతపని చేసినోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. పడుగు సక్కగ బిగవకుంటే పేక ఎంత మంచిగ కొట్టినా బట్ట నిలవదు. ఈ గోడకు చట్రమే పడుగు. కింద ఒక అడ్డకట్టె, మీద ఒకటి, నడుమ రెండేసి ఫీట్లకు ఒక నిలువు కట్టె, నిలువు కట్టెల నడుమ సగం ఎత్తుల చిన్న అడ్డకట్టెలు. దారానికి గుండు కట్టి ప్రతి నిలువు కట్టెను చూసుకోవాలె.

పొట్టి గోడకు ఒక లోపం ఉంటది. మీద కప్పు పట్టుకోదు కాబట్టి ఊగుతది. ఒక కొసను ఇంటి గోడకు మూడు జాగల 4 అంగుళాల స్క్రూలతో బిగించినం. రెండో కొస గాలిలనే ఉంటది. దానికి మందు ఏందంటే మలుపు. ఒక పోస్టుకార్డును నిలబెడితే పడిపోతది, నడుమ మడిచి నిలబెడితే నిలబడతది. అందుకే ఆ కొసన మంచం కాళ్లదిక్కు ఒకటిన్నర ఫీటు మలిపినం. 8 ఫీట్లు, 4 ఫీట్ల ప్లైల నుంచి గోడకు 6 ఫీట్లు పోతే, మిగిలిన ముక్క ఆ మలుపుకే సరిపోయింది. రెండు దిక్కులకు రెండు ప్లైలు పట్టినయి.

కింద షాబాద్ బండలు. బండ అంచుకు దగ్గర రంధ్రం చేస్తే పగులుతది. మూడు అంగుళాలు లోపలికి జరిగి, డ్రిల్లును దెబ్బ లేకుండ తిప్పి నిదానంగా దింపాలె. ఇల్లు కడిగిన నీళ్లు తాగి కట్టె మురగకుండ పాత సైకిలు ట్యూబు కోసి కిందికి పరిచినం, ప్లై అంగుళం పైకి ఆపినం.

ప్లై కొట్టకముందే నేను రెండు చేతులు మీద పెట్టి నా బరువంతా వేసి చూసిన. ఎందుకంటే ఆమె దాన్ని పట్టుకొనే లేవాలె. ఆమెకు ఎడమ చెయ్యి మంచిగున్నది కాబట్టి గోడ ఎడమదిక్కు వచ్చేటట్టు మంచం తిప్పినం. మీద 6 అంగుళాల పలక వేసి, చేతికి కుచ్చకుండ అంచులు గుండ్రంగ అరగదీసిన. మందుల డబ్బా, నీళ్ల గిలాస సుత దానిమీదనే.

ఇప్పుడు పక్కింటి ఆడోళ్లు మళ్లా వచ్చి అవతల చాటలు పెట్టుకొని బీడీలు చుట్టుకుంట కూసుంటున్నరు. ఈమె ఎడమ చేత్తో పలక పట్టుకొని లేచి కూసుంటది, వాళ్ల మాటల్ల పడుతది. అలిసిపోతే పండుకుంటది. ఎవరికి చెప్పే పని లేదు.

చట్రానికి ఎక్కడా మేకు కొట్టలేదు, అన్ని స్క్రూలే. కసరత్తు చేపిస్తే నడుస్తదని డాక్టరు చెప్పిండు. నడిచినంక ఒక పూటల విప్పి, కట్టెలు మళ్లా అటకమీద పెడతం.