ముసుగు లేని నాయకుడు

ఈ వేసవి సెలవుల్లో జగదల్‌పూర్‌లోని మా ఇంట్లో పెద్ద పంచాయితీ నడిచింది. సూపర్‌హీరోల్లో నాయకుడయ్యే అర్హత ఎవరికుంది? మా అబ్బాయి కెప్టెన్ అమెరికా అన్నాడు. విజయనగరం నుంచి వచ్చిన మేనకోడలు బ్యాట్‌మన్ అంది. "నువ్వే తీర్పు చెప్పు మామయ్యా" అంటూ నా మీద పడింది.

నాకు నవ్వొచ్చింది. 1970ల చివర్లో ఇదే ఊళ్లో మేమూ ఇదే గొడవ పడ్డాం. అప్పుడు మా చేతుల్లో ఉన్నవి హిందీ ఇంద్రజాల్ కామిక్స్. పుస్తకం ఒకటి, చదివేవాళ్లు పదిమంది. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్ మాకు 'వేతాల్'. అడవి నడుమ కపాల గుహ, అందులో సింహాసనం. తండ్రి తర్వాత కొడుకు అదే ముసుగు తొడుక్కుంటాడు కాబట్టి చావు లేనివాడని పేరు. చుట్టూ అడవే ఉన్న మావాళ్లకు అంతకు మించిన నాయకుడెవరు? నా ఓటు మాత్రం బహదూర్‌కే. 1976లో ఆబిద్ సూర్తీ సృష్టించిన ఈ కుర్రాడు పౌరులనే దళంగా కూర్చి బందిపోట్లను ఎదిరిస్తాడు. ఒంటరి వీరుడి కన్నా ఊరిని కలుపుకునేవాడు మేలని నా వాదన.

హాస్టల్లో ఉండి చదువుకునే ధుర్వా మిత్రుడు అంతా విని ఒకటే ప్రశ్న వేశాడు. "అడవి వాళ్లది. మరి సింహాసనం మీద బయటివాడెందుకు?" మా దగ్గర జవాబు లేదు. నీ హీరో ఎవర్రా అంటే "గుండాధుర్" అన్నాడు. ఆ పేరు మేం ఏ కామిక్స్‌లోనూ చూడలేదు.

నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. అడవులను రిజర్వు చేయడం, వెట్టిచాకిరి బస్తర్ జనాన్ని రగిలించాయి. మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి చేతులు మారాయి. పిలుపు అదే. నెత్తురు కూడా పారింది. బ్రిటిష్‌వాళ్లు సైన్యాన్ని దించి అణచివేశారు. గుండాధుర్ మాత్రం దొరకలేదు.

2005లో నా ఓటు గురించి మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలైంది. ఊరి కుర్రాళ్లకు ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి తుపాకులిచ్చారు. ఇటు జుడుం, అటు మావోయిస్టులు. మధ్యలో నలిగింది ఊళ్లే. వేలాది మంది శిబిరాలకు చేరారు. ఎందరో సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. ఆ రోజుల్లో బజార్లో కనిపించిన మిత్రుడు "మీ బహదూర్ మా వైపు వచ్చాడు" అన్నాడు. వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను. కామిక్స్‌లో దొంగలెవరో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఇక్కడ అవతలివాడు పక్క ఊరివాడే, ఒక్కోసారి సొంత చుట్టమే. ఆదివాసీ కుర్రాళ్లను ఇలా పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చింది. అప్పటికే ఆరేళ్లు గడిచిపోయాయి.

అందుకే పిల్లలకు తీర్పు చెప్పలేదు. ఒక ప్రశ్న అడిగాను. "మీ హీరో రాని రోజు ఊరివాళ్లు ఏం చేస్తారు?"

"ఎదురుచూస్తారు" అంది మేనకోడలు.

అప్పుడు గుండాధుర్ కథ చెప్పాను. మావాడు శ్రద్ధగా విని, "ఇంతకీ అతని పవర్ ఏంటి నాన్నా?" అన్నాడు.

"మామిడి కొమ్మ" అన్నాను. "అది ఎవరి చేతిలోనైనా ఇమిడిపోతుంది."