చూరు కింది మట్టి

మార్చి నెల. టోక్యో ఉయెనోలో హితాచి రైలెక్కితే పెట్టె నిండా మాస్కులే. "ఇంకా ఇంత భయమా?" అన్నాను. పక్కన కూర్చున్న కుర్రాడు నవ్వాడు. "రేడియేషనుకి కాదన్నా. సుగి చెట్ల పుప్పొడికి. ఈ నెలంతా వీళ్లకు తుమ్ములే." మా గూడూరు వాడే. త్సుకుబాలో మట్టి రసాయనశాస్త్రం మీద పరిశోధన చేస్తున్నాడు.

ఇవాకి దాటాక కుడివైపు కిటికీలో సముద్రం దోబూచులాడింది. 2011లో సునామీ, ఫుకుషిమా అణుప్రమాదాలతో తెగిన ఈ రైలుదారి 2020 మార్చికి గానీ పూర్తిగా కలవలేదు. ఫుతబాలో దిగాం. కొత్త స్టేషను, ఊడ్చిపెట్టినట్టున్న వీధి, ఇళ్లు కూల్చేసిన ఖాళీ జాగాలు. రేడియేషన్ కొలిచే ఓ తెల్ల డబ్బా మీద సోలార్ పలక, ముందు ఎర్ర అంకెలు. గంటకు 0.1 మైక్రోసీవర్టు దగ్గర ఆడుతున్నాయి.

"ఈ అంకెను నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు. కాకపోతే అది మొత్తం లెక్కన్నా. సీజియం ఏ వేషంలో ఉందో చెప్పదు."

నడుస్తూ ఆ వేషాల సంగతి చెప్పాడు. సీజియం 700 డిగ్రీలు కూడా రాకముందే మరిగిపోతుంది. ఆ ప్రమాదంలో రియాక్టర్లలోంచి ఆవిరై వచ్చింది చాలావరకు వానలో కరిగి నేలకు దిగింది. ఇక్కడి కొండలు గ్రానైటువి, మట్టిలో నల్ల అభ్రకం ఉంటుంది. దాని పొరల అంచులు శిథిలమై విచ్చుకున్నచోట పొటాషియం కూర్చునే గుంటలో సీజియం దూరి ఇరుక్కుంటుంది. ఇక తేలిగ్గా ఊడిరాదు. కలిచేడు గనుల దగ్గర అభ్రకం పొరలు గోటితో ఒలుస్తూ పెరిగినవాణ్ణి, ఆ సందుకు ఇంత పట్టుందని నాకిప్పుడే తెలిసింది. ఇరుక్కోని కాస్తను కూడా వరి వేళ్లు పీల్చకుండా రైతులు పొలంలో పొటాష్ ఎక్కువ వేస్తున్నారట.

రెండో వేషం కోసం ఫోన్ తీశాడు. మట్టి నమూనాను రేడియేషన్‌ను బొమ్మకట్టే ఇమేజింగ్ ప్లేటు మీద పరిస్తే వచ్చిన బొమ్మ. అంతా బూడిదరంగు మసక, మధ్యలో ఒకే ఒక్క నల్లచుక్క. మసక అభ్రకం పట్టిన సీజియం. చుక్క గాజు రేణువు. కరిగిన ఇంధనం కాంక్రీటు మీద పడ్డప్పుడు అందులోని సిలికా ఆవిరై, చల్లారి, సీజియంనీ ఇనుమునీ జింకునీ లోపలేసుకుని గడ్డకట్టిందని శాస్త్రజ్ఞుల అంచనా. చాలావరకు రెండు మూడు మైక్రాన్లకు మించని గుండ్లు. 2011 మార్చి మధ్యలో 170 కిలోమీటర్ల అవతల త్సుకుబాలో సేకరించిన గాలి వడపోత కాగితం మీదే ఇవి దొరికాయి. నీళ్లకు తొందరగా లొంగవు. చెర్నోబిల్‌లో ఎగిరిన రేణువుల్లో చాలావరకు ఇంధనపు ముక్కలు, యురేనియం ఆక్సైడువి. ఆమ్లపు నేలలో మెల్లగా కరుగుతూ స్ట్రాన్షియంను వదులుతుంటాయి.

"ఇంత చిన్నది ఎలా పట్టుకుంటారు?"

"బియ్యంలో రాయి ఏరినట్టే. నమూనాను రెండు చేసి మళ్లీ బొమ్మ తీస్తాం. చుక్క పడిన సగాన్ని మళ్లీ రెండు. చివరికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కిందికి."

తిరుగు రైలుకు ముందు నా బూటు అడుగున టేపు అంటించి లాగి, పొట్లం కట్టి, తేదీ రాసుకున్నాడు. వారానికి వాట్సాప్‌లో బొమ్మ వచ్చింది. పల్చటి మసక, చుక్క లేదు. కింద ఒక ముక్క: "ఈసారి వస్తే చూరు కింద తొక్కన్నా, వాననీళ్లు పడేచోట."