అద్దం కాదమ్మా... అది తెర!

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో కాఫీ కంటే ముందు జరిగే పని ఒకటుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడితో వీడియో కాల్. ఇక్కడ ఉదయం ఏడయితే వాళ్లకింకా శనివారం రాత్రే. వాడి కూతురు నిద్రపోయేలోగా అమ్మ ఆ పిల్లను చూడాలి. చూడ్డమంటే ఉట్టినే చూడ్డం కాదు. బుగ్గలు నిమురుతుంది, ముద్దులు పెడుతుంది, దిష్టి తగలకుండా మెటికలు విరుస్తుంది. అదంతా నా లాప్‌టాప్ తెర మీదే! కాల్ అయ్యేసరికి దాని నిండా పసుపు వేళ్లు, కొబ్బరినూనె మరకలు.

మళ్లీ శనివారానికల్లా తెర అద్దంలా మెరిసిపోయేది. ఎవరు తుడుస్తున్నారని నేను ఏనాడూ అడగలేదు. ఆఫీసు హడావుడిలో ఆ ఆలోచనే రాలేదు.

ఒకరోజు రాత్రి రాసుకుంటుంటే తెర మధ్యలో ఓ మచ్చ కనిపించింది. శుక్లం వచ్చిన కన్నులా మసక. ఎంత తుడిచినా పోదు. కింద అంచున సన్నగా ఓ నల్లగీత. అమ్మను అడిగితే ఎంతో సంబరంగా చెప్పింది. బీరువా అద్దానికి కొట్టే నీలంరంగు మందు చల్లి, పాత పేపరుతో గట్టిగా రుద్దుతోందట. అదీ నేను పనిచేసే పేపరుతోనే!

నాకు కోపం ఆగలేదు. ‘తెలియని పనులు నీకెందుకమ్మా?’ అని అరిచేశాను. అమ్మ ఒక్క మాటా అనలేదు. గిన్నెలు సర్దుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ‘నానమ్మా, ముద్దేదీ?’ అని ఆ పిల్ల బుగ్గ చూపించింది. ‘ముట్టుకుంటే పాడైపోతుందమ్మా’ అంది అమ్మ. నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

మర్నాడే లాప్‌టాప్ తీసుకుని రిపేరు షాపుకెళ్లాను. ఆ కుర్రాడు చూడగానే ‘అద్దాల మందు కొట్టారా మేడమ్?’ అన్నాడు. బీరువాకుండేది గాజు. చాలా లాప్‌టాప్‌ల తెరకు పైనుండేది పల్చటి ప్లాస్టిక్ పొర. వెలుతురు పడి కళ్లు చెదరకుండా దానిమీద సున్నితమైన పూత ఉంటుంది. అద్దాలు తుడిచే మందుల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. గాజును అదేమీ చేయదు కానీ, ఆ పూతను మెల్లమెల్లగా తినేస్తుంది. నేరుగా చల్లితే తడి జారి కింది అంచులోకి దిగుతుంది. తెరను నడిపించే సర్క్యూట్లు చాలావాటిలో అక్కడే ఉంటాయి. ఇక పేపరూ, టిష్యూ మెత్తగా అనిపించినా వాటి పీచు సన్నటి గీతలు పెడుతుంది. పోయిన పూత తిరిగి రాదనీ, తెర మొత్తం మార్చాల్సిందేననీ చెప్పాడు. ఆ ఖర్చు విని, మచ్చతోనే సర్దుకుపోదామనుకున్నాను.

దారంతా ఒకటే ఆలోచన. ఊరందరికీ చిట్కాలు రాసే నేను, ఇంట్లో అమ్మకు ఒక్క మాట చెప్పానా? అసలు నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

ఆ సాయంత్రమే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరం కలిసి తుడిచాం. ముందు లాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసేసి, వేడి తగ్గనిచ్చాం. తెర నల్లగా ఉంటే దుమ్మూ, వేలిముద్రలూ బాగా కనిపిస్తాయి. కళ్లజోళ్ల షాపులో ఇచ్చే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి పొడిగా, తేలిగ్గా తుడిచాం. దుమ్ము పోకుండా తడి పెడితే అదే గీతలు పెడుతుంది. చాలా మరకలు అక్కడితోనే పోయాయి. మిగిలినవాటికి ఇన్వర్టర్ బ్యాటరీకని తెచ్చిన సీల్ తీయని డిస్టిల్డ్ వాటర్ పనికొచ్చింది. బోరునీళ్లయితే ఉప్పు మరకలు మిగులుతాయి. నీళ్లు తెర మీద కాదు, గుడ్డ మీద రెండు చుక్కలు. ఒక చెయ్యి తెర వెనక ఆనించి, రెండో చేత్తో నొక్కకుండా తుడవాలి. తర్వాత పొడిగుడ్డ. పూర్తిగా ఆరాకే మూత వెయ్యాలి. అన్నట్టు, కీబోర్డు కూడా శుభ్రంగా ఉండాలి. మూసినప్పుడు మీటల మీది జిడ్డు తెరకే అంటుకుంటుంది. కొన్ని మోడళ్లకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చని కంపెనీలే చెబుతాయి. అయితే మన మోడల్‌కు కుదురుతుందో లేదో ముందు మాన్యువల్‌లో చూసుకోవాలి.

అంతా విని అమ్మ నవ్వింది. ‘పట్టుచీర కంటే సుకుమారంగా ఉందే ఇది! ఈ మాట ముందే చెప్పుంటే సరిపోయేదిగా?’ అంది. ‘తప్పు నాదేనమ్మా’ అన్నాను.

ఇప్పుడు ఆ గుడ్డ దేవుడి గూటి పక్కన భద్రంగా ఉంటుంది. కంఫర్ట్ కండిషనర్లేవీ తగలకుండా సబ్బునీళ్లలో అమ్మే దాన్ని విడిగా ఉతుకుతుంది. ఎదురింటావిడకు కూడా పాఠం చెప్పింది.

మొన్న ఆదివారం పిల్ల మళ్లీ బుగ్గ చూపించింది. అమ్మ నావైపు చూసింది. ‘పెట్టుకోమ్మా, తర్వాత తుడుచుకుందాం’ అన్నాను. కుర్చీ ముందుకు జరిగింది. ముద్దు సరిగ్గా ఆ మచ్చ పక్కనే పడింది.