ఇంకా 79 ఆటలున్నాయి!

82 ఆటల సీజన్‌లో ఇది మూడోది. గెలిస్తే కప్పు రాదు, ఓడితే కొంప మునగదు. ఎన్‌బీఏ అభిమానికి ఆ సంగతి తెలుసు. అయినా ముందురోజు రాత్రి నిద్రపట్టదు. కొత్త కుర్రాడు కుదురుకుంటాడా? సీనియర్ మోకాలు సహకరిస్తుందా?

పాత లెక్కలు తీస్తే ధైర్యమే. 2010లో లెబ్రాన్ జేమ్స్ చేరిన మయామీ హీట్ మొదటి 17 ఆటల్లో 8 ఓడింది. అయినా ఫైనల్‌కి చేరింది. 2015లో గోల్డెన్‌స్టేట్ వారియర్స్ వరసగా 24 గెలిచింది. చివరికి కప్పు క్లీవ్‌లాండ్ ఎగరేసుకుపోయింది.

ఆరంభాన్ని చూసి ఏదీ చెప్పలేమన్నమాట. మరెందుకీ ఆరాటం? ఏప్రిల్ దాటేసరికి 14 జట్లు ఇంటిదారి పడతాయి. అక్టోబరులో మాత్రం 30 జట్ల అభిమానులూ 'ఈసారి కప్పు మనదే' అనుకోవచ్చు. ఆ ఆశ అప్పుడే చెదిరిపోతుందేమోనన్నదే అసలు భయం. అందుకే మూడో ఆటకీ గుండె దడ!